రెండో హెచ్‌బీఏ కార్డు లినక్స్‌కు కనబడదు: నాలుగు రోజుల ప్రాజెక్టు డైరీ

పని, సామాను

ఇప్పటికే నడుస్తున్న 4యూ (ర్యాక్‌లో నాలుగు అరల ఎత్తు) సర్వర్‌లో రెండో సాస్ హెచ్‌బీఏ కార్డు, అంటే సర్వర్ డిస్కులను తగిలించే కార్డు, పెట్టాలి. దానికి 4 టీబీ డిస్కులు 8 తగిలించి, బ్యాకప్ కోసం జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ (డిస్కులన్నీ కలిపిన ఒకే నిల్వ) కట్టాలి. మదర్‌బోర్డు రెండు సాకెట్లది, ఎల్‌జీఏ 2011. జియాన్ ఈ5-2600 వీ2 తరం ప్రాసెసర్ ఒకటే ఉంది, రెండో సాకెట్ మీద ప్లాస్టిక్ మూత. ఓఎస్ డెబియన్ 12 లినక్స్, దాని మీద వర్చువల్ మెషీన్లు (వీఎంలు) నడిపే కేవీఎం. మొదటి హెచ్‌బీఏ కార్డును హోస్ట్ (అసలు సర్వర్) వాడదు, స్టోరేజ్ వీఎంకు పాస్‌త్రూ చేసి, అంటే నేరుగా అప్పగించి ఉంది. కొత్తదీ అదే రకం: సాస్2308 చిప్, పీసీఐఈ 3.0 ఎక్స్8 (8 లేన్లు, అంటే 8 డేటా దారులు), లోపలివైపు డిస్కు కేబుళ్లకు రెండు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 కనెక్టర్లు. రెండింటి పీసీఐ ఐడీ (కార్డు రకాన్ని చెప్పే నంబరు) ఒకటే, 1000:0087. ఇలా ఒకటే కావడం మూడో రోజు చిక్కు తెచ్చిపెట్టింది.

కొత్త కార్డు పొట్టి బ్రాకెట్‌తో (కార్డును కేసుకు బిగించే రేకుతో) వచ్చింది. పొట్టి బ్రాకెట్ ఎత్తు 79.2 మి.మీ., పొడుగుది 120 మి.మీ. 4యూ కేసుకు పొడుగుదే కావాలి. పక్కన పడి ఉన్న పాత నెట్‌వర్క్ కార్డు బ్రాకెట్ ఊడదీస్తే స్క్రూ రంధ్రాలు సరిపోయాయి. అదే బిగించాం.

1వ రోజు: ఎక్కడిదాకా కనబడుతోంది?

సర్వర్ ఆన్ చేశాక డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో బూట్ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంది. ఇక్కడ చాలామంది నేరుగా డ్రైవర్ మీద పడతారు. మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో ఈ కార్డు డ్రైవర్ మాడ్యూల్ ఎంపీటీ3సాస్ లోడ్ చేస్తే తప్పేమీ చూపదు, కాబట్టి డ్రైవర్ బాగుందనీ, తప్పు ఇంకెక్కడో ఉందనీ అనుకుంటారు, లేదంటే కెర్నల్ మార్చేస్తారు. కానీ కార్డు లేని మెషీన్‌లోనూ ఆ మాడ్యూల్ హాయిగా లోడ్ అవుతుంది. దాన్నిబట్టి కార్డు గురించి ఏమీ తేలదు.

ముందు అడగాల్సింది కెర్నల్‌కు తెలిసిన కార్డులను చూపే ఎల్‌ఎస్‌పీసీఐనే. "ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్ -డి 1000:" అని కొడితే ఆ తయారీదారు ఐడీ ఉన్న కార్డులన్నీ వస్తాయి. రెండు వరుసలు రావాలి, ఒక్కటే వచ్చింది. అదీ 06:00.0 అడ్రసు (06 బస్సు నంబరు) దగ్గరున్న పాత కార్డు. అంటే కెర్నల్‌కు కొత్త కార్డు సంగతే తెలియదు. ఈ దశలో డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా, ఓఎస్ మళ్లీ ఎక్కించినా వృథా. తేడా కరెంటులో ఉండాలి, లేదా క్లాక్‌లో, రీసెట్‌లో, లింకులో. లేదంటే బయోస్‌లో.

సర్వర్ బూట్ అయ్యేటప్పుడు కార్డు తన బ్యానర్ చూపలేదు కాబట్టి చచ్చిపోయిందనుకోవడమూ పొరపాటే. ఐటీ మోడ్ (రైడ్ లేకుండా డిస్కులను నేరుగా చూపే) ఫర్మ్‌వేర్ వేసేటప్పుడు చాలామంది బ్యానర్ చూపే బూట్ రోమ్ వదిలేస్తారు. బ్యానర్ లేకపోయినా ఆ కార్డులు లినక్స్‌లో చక్కగా కనబడతాయి. చూడాల్సింది కార్డు మీది హార్ట్‌బీట్ లైటు. ఫర్మ్‌వేర్ నడుస్తుంటే ఆ చిన్న పచ్చ లైటు సెకనుకోసారి మిణుకుతుంది. మా కార్డు మీద అది వెలగలేదు.

తర్వాత "డీఎమ్‌ఐడీకోడ్ -టి 9". ఇది బోర్డు మీది స్లాట్ల పేర్లు, వాడుకలో ఉన్నాయా ఖాళీయా అన్నది చూపిస్తుంది. కార్డు పెట్టిన స్లాట్ పేరులోనే సీపీయూ2 అని ఉంది, బోర్డు మీద తెల్ల అక్షరాలతోనూ అదే రాసి ఉంది. ఈ తరం ప్రాసెసర్‌కు 40 పీసీఐఈ 3.0 లేన్లు ఉంటాయి, అవి నేరుగా ఆ ప్రాసెసర్ సాకెట్ నుంచే స్లాట్లకు వెళతాయి. సాకెట్ ఖాళీ అయితే దానికి కట్టిన స్లాట్లన్నీ లేన్లు లేని ప్లాస్టిక్ ముక్కలే. రెండు సాకెట్ల సర్వర్ కొని ఒక్క ప్రాసెసర్‌తో నడిపేవాళ్లు స్లాట్ ఎంచుకునే ముందు మాన్యువల్‌లోని బ్లాక్ డయాగ్రామ్ తీసి ఏ గీత ఏ సాకెట్‌కు వెళుతోందో వేలు పెట్టి చూసుకోవాలి. స్లాట్ పొడవును చూసి నిర్ణయించకూడదు.

కారణం దొరికిందనుకున్నాం. లైటు వెలగకపోవడాన్నీ దీనికిందే కలిపేసుకున్నాం. అది తొందరపాటు.

2వ రోజు: స్లాట్ మార్చినా లేదు

సీపీయూ1 కింద ఎక్స్16 పొడవున్న స్లాట్ ఒకటి ఖాళీగా ఉంది. కార్డు మార్చే ముందు షట్‌డౌన్ చేసి రెండు పవర్ సప్లైల తీగలూ పీకి, బోర్డు మీది స్టాండ్‌బై లైటు ఆరేదాకా ఆగాలి. షట్‌డౌన్ చేసినా తీగ ఉన్నంతసేపు స్లాట్‌లోకి 3.3 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది.

కార్డు మార్చాం, బ్రాకెట్ స్క్రూ బిగించాం, ఆన్ చేశాం. లైటు లేదు. ఎల్‌ఎస్‌పీసీఐలో మళ్లీ ఒక్కటే వరుస. కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని పీసీఐ రీస్కాన్ ఫైలులోకి 1 రాసి చూశాం, మార్పు లేదు. లింకు లేచి ఉండి కెర్నల్‌కు తెలియని సందర్భంలోనే రీస్కాన్ పనికొస్తుంది. ఆ స్లాట్‌కు ప్రాసెసర్ వైపు చివరైన రూట్ పోర్టు 00:02.0ను ఎల్‌ఎస్‌పీసీఐ "-వీవీ"తో చూస్తే స్లాట్ స్టేటస్ వరుసలో ప్రెస్‌డెట్ (కార్డు ఉందా అన్నది) పక్కన మైనస్ గుర్తు. ఈ స్లాట్‌లో ఏదో ఉందని కూడా పోర్టుకు తెలియడం లేదు.

ఇక మార్పిడి పరీక్ష. వీఎం ఆపి, దాని ఆటోస్టార్ట్ తీసేసి, పాత కార్డును ఈ ఎక్స్16 స్లాట్‌లో పెట్టాం. కనబడింది. స్లాట్ బాగుంది. కొత్త కార్డును పాత కార్డు స్లాట్‌లో పెట్టాం. కనబడలేదు. మంచి కార్డు రెండు స్లాట్లలోనూ పనిచేసింది, కొత్తది రెండింటిలోనూ పనిచేయలేదు. ఎవరైనా కార్డు పోయిందనే అంటారు, వెనక్కి పంపేస్తారు. మేమూ పెట్టెలో పెట్టబోయాం.

పెట్టే ముందు బంగారు పట్టీలను దీపం కింద వంచి చూడటం కలిసొచ్చింది. కార్డును స్లాట్‌లోకి దించిన ప్రతిసారీ స్లాట్ లోపలి స్ప్రింగులు బంగారు పట్టీల మీద సన్నని నిలువు గీతలు గీస్తాయి. ఆ గీత పొడవే కార్డు ఎంత లోతు దిగిందో చెబుతుంది. బ్రాకెట్‌కు దూరంగా ఉన్న చివర గీతలు పట్టీ సగం దాకా పాకాయి. బ్రాకెట్ వైపు చివర మాత్రం అంచు దగ్గరే ఆగిపోయాయి, కొన్ని పట్టీల మీద గీతే లేదు. పాత కార్డు పట్టీల మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీతలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. కొత్త కార్డు ఒరిగి కూర్చుంటోంది.

కారణం బ్రాకెట్. నెట్‌వర్క్ కార్డు బ్రాకెట్‌లో స్క్రూ రంధ్రాల మధ్య దూరం సరిపోయినా, అవి పైన వంచిన చెవి నుంచి ఉన్న దూరం వేరు. కార్డు పూర్తిగా దిగకముందే చెవి కేసు అంచుకు తగిలి ఆగుతోంది. పాత హెచ్‌బీఏ బ్రాకెట్, ఈ నెట్‌వర్క్ కార్డు బ్రాకెట్ పక్కపక్కన పెట్టి కొలిస్తే తేడా సుమారు 1.5 మి.మీ. అటువైపే ముఖ్యమైనవన్నీ ఉన్నాయి: 12 వోల్టులు బి1, బి2, బి3, ఏ2, ఏ3 పట్టీల మీద, 3.3 వోల్టులు బి8, ఏ9, ఏ10 మీద; రీసెట్ ఏ11; రిఫరెన్స్ క్లాక్ ఏ13, ఏ14. కార్డు ఉందని చెప్పే ప్రెజెన్స్ పట్టీల్లో మొదటిది ఏ1, సరిగ్గా ఆ చివరిదే. ఈ ప్రెజెన్స్ పట్టీలు మిగతావాటి కంటే పొట్టిగా ఉంటాయి, కార్డు పూర్తిగా దిగితేనే తగలాలని అలా చేస్తారు. 1.5 మి.మీ. పైకి లేస్తే ముందు తెగేవి అవే.

మార్పిడి పరీక్ష అబద్ధం చెప్పలేదు. కార్డుతో పాటు బ్రాకెట్ కూడా స్లాట్ మారిందన్న సంగతే లెక్కలోకి తీసుకోలేదు. ఒకదాన్ని మార్చి చూసేటప్పుడు దానికి అంటుకుని వెళ్లేవాటినీ విడదీయాలి. బ్రాకెట్, అడాప్టర్, కేబుల్, రైజర్ అన్నీ అలాంటివే.

3వ రోజు: కనబడింది, కానీ సగమే

బ్రాకెట్ పూర్తిగా తీసేశాం. పట్టీలను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన, పీచు రాలని గుడ్డతో ఒకే దిశలో తుడిచాం. రబ్బరుతో రుద్దే అలవాటు కొందరికి ఉంది, అది వద్దు. బంగారు పూత చాలా పలచన, రబ్బరులోని రాపిడి పొడి దాన్ని అరగదీస్తుంది, ఆ పొడి స్లాట్‌లోనూ మిగిలిపోతుంది. డిస్కు కేబుళ్లు లేకుండా ఉత్త కార్డును ఎక్స్16 స్లాట్‌లో రెండు చివరలా సమానంగా నొక్కి దించాం. పక్కనుంచి చూస్తే బంగారు అంచు సన్నని గీతలా మొత్తం పొడవునా ఒకే మందంలో కనబడాలి.

ఆన్ చేయగానే పచ్చ లైటు సెకనుకోసారి మిణుకడం మొదలైంది. ఎల్‌ఎస్‌పీసీఐలో రెండు వరుసలు. కొత్తది 02:00.0.

కేబుళ్లు తగిలించే ముందే లింకు చూడాలి. "-వీవీ"లో లింక్ కేపబిలిటీ వరుస కార్డు ఎంత చేయగలదో చెబుతుంది, లింక్ స్టేటస్ వరుస ఇప్పుడు ఎంత చేస్తోందో చెబుతుంది. చేయగలిగింది 8 జీటీ (వేగం), ఎక్స్8 (వెడల్పు). చేస్తున్నది 8 జీటీ, ఎక్స్4, పక్కనే తగ్గిందన్న మాట. నిన్నటి అనుభవంతో మళ్లీ పట్టీల మీద అనుమానం వచ్చింది. కానీ వేగం పూర్తిగా ఉండి వెడల్పు ఒక్కటే కచ్చితంగా సగమైతే బయోస్ సెట్టింగ్ చూడాలి. "ఎల్‌ఎస్‌పీసీఐ -టీవీ"తో చెట్టు తీస్తే 00:02.0, 00:02.1, 00:02.2, 00:02.3 అని నాలుగు రూట్ పోర్టులు ఉన్నాయి. ఒక ఎక్స్16 స్లాట్‌ను నాలుగు ఎక్స్4 ముక్కలు చేస్తే ఇలా కనబడుతుంది. ఎప్పుడో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీల అడాప్టర్ కోసం ఆ స్లాట్‌కు ఈ విభజన (బైఫర్కేషన్) పెట్టి వదిలేశారు. ఎక్స్8 కార్డు వచ్చి మొదటి ముక్కలోని 4 లేన్లతో సర్దుకుంది.

నిజానికి పీసీఐఈ 3.0 ఎక్స్4 అంటే సెకనుకు దాదాపు 3.9 జీబీ. ఒక్కో డిస్కు 200 ఎంబీ ఇచ్చినా 8 డిస్కులకు 1.6 జీబీ చాలు. అలాగే వదిలేసినా పని నడిచేది. కానీ తగ్గిందన్న మాట అలాగే ఉంచేస్తే రేపు నిజంగా ఒక లేన్ చెడినప్పుడు ఏది పాత సంగతో ఏది కొత్తదో తేలదు. బయోస్‌లో ఆ స్లాట్ లేన్ల (ఐఓయూ) సెట్టింగ్‌ను ఎక్స్4ఎక్స్4ఎక్స్4ఎక్స్4 నుంచి ఎక్స్16కు మార్చాం.

మార్చి రీబూట్ చేయగానే సర్వర్ నెట్‌వర్క్‌లోంచి మాయమైంది. దూరం నుంచి స్క్రీన్ చూపే ఐపీఎంఐ కన్సోల్ లేకపోతే మానిటర్ మోసుకెళ్లాల్సి వచ్చేది. సంగతి ఇది: బస్సు నంబర్లు బయోస్ వరుసగా ఇచ్చుకుంటూ పోతుంది. నాలుగు రూట్ పోర్టులున్నప్పుడు 02, 03, 04, 05 వాటికే పోయాయి. ఇప్పుడు ఒక్కటే పోర్టు, 02తో సరి. తర్వాతవన్నీ మూడేసి ముందుకు జరిగాయి. పాత హెచ్‌బీఏ 06 నుంచి 03కు వచ్చింది. నెట్‌వర్క్ పోర్టు 07 నుంచి 04కు వచ్చింది, దాంతో బస్సు నంబరును బట్టి వచ్చే దాని పేరు మొదలు కూడా ఈఎన్‌పీ7 నుంచి ఈఎన్‌పీ4 అయిపోయింది. ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌లో బ్రిడ్జికి (వీఎంలను నెట్‌వర్క్‌కు కలిపేదానికి) పాత పేరే ఉంది. సిస్టమ్‌డీ నెట్‌వర్క్ డైరెక్టరీలో .లింక్ ఫైల్ ఒకటి పెట్టి, శాశ్వత మ్యాక్ అడ్రసును బట్టి లాన్0 అన్న పేరు ఇచ్చాం, బ్రిడ్జిలోనూ అదే రాశాం. కార్డు పెట్టినా తీసినా ఇక ఆ పేరు మారదు. ఏ సర్వర్‌లోనైనా కొత్త కార్డు పెట్టే ముందే చేసుకోవాల్సిన పని ఇది.

ఇప్పుడు లింకు 8 జీటీ, ఎక్స్8. కేబుళ్లు తగిలించాం. డిస్కులు సున్నా.

"ఎల్‌ఎస్‌పీసీఐ -కే" చూస్తే కొత్త కార్డుకు వాడుతున్న డ్రైవర్ వీఎఫ్‌ఐఓ-పీసీఐ (కార్డును వీఎంకు ఇచ్చేందుకు పట్టి ఉంచేది) అని ఉంది. పాత కార్డును వీఎంకు ఇచ్చేందుకు డ్రైవర్ల సెట్టింగ్‌లుండే మోడ్‌ప్రోబ్.డిలో ఐడీలు 1000:0087 అన్న ఆప్షన్ రాసి ఉంది. ఐడీతో పట్టుకోమంటే ఆ ఐడీ ఉన్న ప్రతి కార్డునూ పట్టుకుంటుంది. రెండూ ఒకే రకం కాబట్టి రెండూ పోయాయి. అదృష్టవశాత్తు వీఎం ఆటోస్టార్ట్ నిన్ననే తీసేశాం. వీఎం నిర్వచనంలో 06:00.0 అనే ఉంది, ఆ నంబరు ఇప్పుడు వేరే పరికరానిది అయ్యుండొచ్చు.

4వ రోజు: ఏ కార్డు ఎవరిదో చెప్పడం

తేలిక దారి ఒకటుంది: ఐడీ ఆప్షన్ తీసేసి, వీఎం మొదలయ్యేటప్పుడు వీఎంలను నడిపించే లిబ్‌వర్ట్‌నే పాత కార్డు లాక్కోనివ్వడం. ఇక్కడ అది ప్రమాదం. బూట్‌లో కొద్దిసేపైనా ఎంపీటీ3సాస్ పాత కార్డును పట్టుకుంటే వీఎం పూల్‌లోని డిస్కులు హోస్ట్‌కు కనబడతాయి. హోస్ట్‌లోనూ జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది. ఒకే పూల్‌ను రెండుచోట్ల ఇంపోర్ట్ చేస్తే డేటా పాడవుతుంది, దాన్ని బాగుచేయడం ఉండదు. పాత కార్డు మొదటి నుంచీ వీఎఫ్‌ఐఓ చేతిలోనే ఉండాలి.

బస్సు నంబరుతో గుర్తిద్దామంటే అది నిన్న కళ్లముందే మారింది. మారనిది రూట్ పోర్టు అడ్రసు. 00:02.0, 00:03.0 అన్నవి ప్రాసెసర్‌లోపల ఖాయం, స్లాట్‌కు వెళ్లే రాగి గీత కూడా ఖాయం. పాత కార్డు స్లాట్ 00:03.0 కింద ఉంది. అందుకని చిన్న షెల్ స్క్రిప్టు రాశాం: సిస్‌ఎఫ్‌ఎస్‌లో 0000:00:03.0 డైరెక్టరీ కింద 0000:*:00.0 రూపంలో ఏ పరికరం ఉందో వెతికి, దాని డ్రైవర్_ఓవర్‌రైడ్ ఫైలులో వీఎఫ్‌ఐఓ-పీసీఐ అని రాస్తుంది, చివర "మోడ్‌ప్రోబ్ -ఐ వీఎఫ్‌ఐఓ-పీసీఐ" నడుపుతుంది. ఓవర్‌రైడ్ రాసిన పరికరాన్ని వేరే డ్రైవర్ ముట్టుకోదు.

మోడ్‌ప్రోబ్.డి ఫైలులో ఐడీల వరుస తీసేసి రెండు వరుసలు పెట్టాం. ఒకటి సాఫ్ట్‌డెప్: ఎంపీటీ3సాస్‌కు ముందు వీఎఫ్‌ఐఓ-పీసీఐ రావాలని. రెండోది ఇన్‌స్టాల్: వీఎఫ్‌ఐఓ-పీసీఐ లోడ్ చేయమంటే మన స్క్రిప్టు నడపాలని. స్క్రిప్టులో -ఐ లేకపోతే అది తనను తానే పిలుచుకుంటూ తిరుగుతుంది. ఆ స్క్రిప్టు ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ వ్యవస్థ) లోపల కూడా ఉండాలి, కాబట్టి ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్-టూల్స్ హుక్స్ డైరెక్టరీలో కాపీ_ఎగ్జెక్‌తో దాన్ని చేర్చే హుక్ పెట్టాలి. రెండు ఫైళ్లకూ ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి "అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ -యు -కే ఆల్" కొట్టాం. రీబూట్‌కు ముందు ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్‌తో స్క్రిప్టు లోపల ఉందో లేదో చూడటం తప్పనిసరి. మొదటిసారి లేదు: హుక్‌కు అనుమతి ఇవ్వడం మరిచాం, టూల్ దాన్ని చప్పుడు చేయకుండా దాటేసింది. చూడకుండా రీబూట్ చేసి ఉంటే పాత కార్డు హోస్ట్ చేతిలో పడేది.

రీబూట్ తర్వాత 03:00.0కు వీఎఫ్‌ఐఓ-పీసీఐ, 02:00.0కు ఎంపీటీ3సాస్. వీఎం నిర్వచనంలో బస్సును 06 నుంచి 03కు దిద్ది వీఎం లేపాం, దాని పూల్ యథాతథంగా ఉంది. ఆటోస్టార్ట్ తిరిగి పెట్టాం.

హోస్ట్‌లో డిస్కులు 7 వచ్చాయి. ఎనిమిదో బే డిస్కును వేరే బేలో పెడితే కనబడింది, అంటే తేడా కేబుల్ వైపు. ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 ప్లగ్ క్లిక్ వినబడేదాకా దిగలేదు, ఒక మూల లేచి ఉంది. నొక్కాక 8.

బ్రాకెట్ రంధ్రాలను సన్న గుండ్రటి ఆకురాయితో 1.5 మి.మీ. సాగదీశాం. ఈ పని సర్వర్ గదిలో చేయకూడదు, ఇనుప పొడి ఒక్క రవ్వ బోర్డు మీద పడినా షార్ట్ అవుతుంది. అరగదీసి, కడిగి, ఆరబెట్టి బిగించాం. కార్డు దించి తీసి గీతలు చూశాం, రెండు చివరలా సమానం.

ఆఖరి పరీక్ష: డిస్కుల మీద భారం పెట్టే ఎఫ్‌ఐఓ టూల్‌తో 8 డిస్కుల మీదా ఒకేసారి, చదవడం మాత్రమే, 1 గంట. ఆ గంటకు ముందూ తర్వాతా రెండు చోట్ల లెక్కలు రాసుకున్నాం. ఒకటి సిస్‌ఎఫ్‌ఎస్‌లో కార్డు కింద ఏఈఆర్_డెవ్_కరెక్టబుల్ ఫైలు: స్లాట్ వైపు తప్పులు ఇక్కడ పెరుగుతాయి. రెండోది ఒక్కో సాస్ లింకుకూ ఒకటిగా ఉండే సాస్_ఫై డైరెక్టరీల్లో ఇన్‌వ్యాలిడ్_డీవర్డ్_కౌంట్: కేబుల్ వైపు తప్పులు ఇక్కడ. మొదటి దాంట్లో అన్నీ సున్నాలే. రెండోదాంట్లో ఏడు లింకుల లెక్క సున్నా, ఎనిమిదోది ఉదయం ప్లగ్ కదిలించినప్పుడు చేరిన అంకె దగ్గరే ఉంది, గంటలో ఒక్కటీ పెరగలేదు. ఫర్మ్‌వేర్ సాస్2ఫ్లాష్‌తో చూశాం, 20.00.07.00, ఐటీ మోడ్, ఈ చిప్‌కు అదే చివరిది.

పూల్‌ను రైడ్‌జెడ్2గా (రెండు డిస్కులు పోయినా తట్టుకునేలా), డిస్కుల మారని బై-ఐడీ పేర్లతో కట్టాం. స్లాట్ పేరు, రూట్ పోర్టు అడ్రసు, కార్డు మీది సాస్ అడ్రసు మూడూ ఒక చీటీ మీద రాసి కేసు మూత లోపలివైపు అంటించాం. సీపీయూ2 స్లాట్లకు ఎర్ర టేపు వేశాం.